సింహం ఎక్కడుందో తెలిసిన మధ్యాహ్నం

ఆ ఫిబ్రవరిలో మా ఇంట్లో ఒక అతిథి ఉండేది. ఉత్తర కెన్యాలో ఆవుల్నీ మేకల్నీ మేపుకుని బతికే తెగ ఆమెది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. మెడ నిండా రంగు పూసల దండలు, వాటి మీద మా ఆయన పాత వింటర్ జాకెట్, కాళ్లకు నా మంచు బూట్లు. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధి చివరిదాకా ఒకసారి నడిచొచ్చేసరికి ఎదురింటి తెలుగావిడ నాకు ఫోన్ చేసి, "ఎవరమ్మా ఆవిడ, మీ ఇంట్లోంచి వచ్చారు?" అని ఆరా తీసింది.

నేను తిరుపతిలో పశువైద్యం చదివి, ఇక్కడికొచ్చి అడవి జంతువుల మీద పీహెచ్‌డీ చేసి, అదే యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగంలో ఉండిపోయాను. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు కాబట్టి ఇల్లు ఇక్కడ తీసుకున్నాం. నేను గంటకు పైగా డ్రైవ్ చేసుకుంటూ యూనివర్సిటీకి వెళ్లొస్తుంటాను. మా డిపార్ట్‌మెంట్‌కీ ఆమె ప్రాంతానికీ చాలా ఏళ్ల పొత్తు. అక్కడి ఊళ్లవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఎప్పుడు ఏ బీడులో పశువుల్ని మేపాలో, ఏ నేలను జింకలకూ ఏనుగులకూ వదిలెయ్యాలో ఆ సంఘమే తేల్చుకుంటుంది. పశువులకు టీకాలు వేయడంలో మేం సాయపడతాం. గడ్డి ఎక్కడ మొలుస్తోందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి చెబుతాం. సింహాల మెడకు కాలర్లు కడతాం.

కాలర్ అంటే మెడపట్టీ. అందులో ఉన్న పరికరం సింహం ఎక్కడుందో ఉపగ్రహానికి చెబుతుంది, అది మా కంప్యూటర్లో మ్యాప్ మీద ఎర్రచుక్కగా కనిపిస్తుంది. సింహం గుడిసెల వైపు వస్తుంటే ఆ ఊరి కాపలాదారుల ఫోన్లకు మెసేజ్ పోతుంది. వాళ్లు పరుగెత్తి వెళ్లి ఇళ్లవాళ్లను లేపుతారు. పశువుల్ని ముళ్లకంచె లోపలికి తోలి, చుట్టూ దీపాలు పెడతారు. అది వెనక్కి పోతుంది. ఇదంతా లేని రోజుల్లో సింహం ఆవును చంపితే ఊరివాళ్లు ఆ కళేబరంలో విషం కలిపి పెట్టేవాళ్లు. మర్నాటికి సింహంతో పాటు నక్కలూ రాబందులూ కూడా చచ్చి పడుండేవి.

మా అతిథి ఆ సంఘంలో ఆడవాళ్ల తరఫున పెద్ద. మా విద్యార్థులతో మాట్లాడటానికీ, తర్వాత ఏం చెయ్యాలో మాతో కూర్చుని అనుకోవడానికీ వచ్చింది. యూనివర్సిటీ వాళ్లు హోటల్ బుక్ చేశారు. మొదటిరోజు పొద్దున నేను వెళ్లేసరికి కళ్లు ఎర్రగా చేసుకుని కూర్చుంది. "ఒక్కదాన్నే గదిలో పడుకోవడం నా జన్మలో ఎప్పుడూ లేదు డాక్టర్. తలుపు అవతల ఎవరున్నారో తెలీదు" అంది. ఆ సాయంత్రమే మా ఇంటికి తీసుకొచ్చేశాను. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లిష్‌లోనే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులోనే.

నేను పుట్టుకతోనే భయస్థురాలిని. సింహాల మీద పనిచేసే మనిషివి నీకు భయమేమిటని అందరూ నవ్వుతారు. మంచులో హైవే ఎక్కాలంటే భయం, చెప్పాపెట్టకుండా మోగే ఫోన్ అంటే భయం. మా పాప చదివే స్కూల్ నుంచి మెసేజ్ వస్తే తెరవడానికి ముందు చెయ్యి ఆగిపోతుంది. అతిథి వచ్చిన వారంలోనే ఒకరోజు అలాంటి మెసేజ్ వచ్చింది. స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేశారట. సాయంత్రం పాప అదెలా చేస్తారో ఆంటీకి చూపించింది. లైట్ ఆర్పేసి, డైనింగ్ టేబుల్ కిందకి దూరి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, నోటిమీద వేలు పెట్టుకుంది.

"ఏ జంతువు వస్తుందని?" అని అడిగింది మా అతిథి.

"యానిమల్ కాదు ఆంటీ. మ్యాన్. గన్ ఉంటుంది."

ఆమె నావైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె లేచి లైటు వేసి, టేబుల్ కిందకి వంగి పాపను బయటికి లాగి చాలాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

తర్వాతి శనివారం మా ఆయన పాపను తెలుగు క్లాసుకి తీసుకెళ్లాడు. అటునుంచి ఎవరిదో బర్త్‌డే పార్టీ ఉందని, సాయంత్రానికి వస్తామని చెప్పాడు. బయట మంచు పడుతోంది. నేను స్టవ్ మీద పప్పు పెట్టి పోపు వేస్తున్నాను. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చిక్కటి టీ తాగుతూ, సోమవారం ఇవ్వాల్సిన ప్రసంగానికి ఫొటోలు ఎంచుకుంటోంది. ముందు నా లాప్‌టాప్ ఉంది. మ్యాప్ ఒక పక్కన తెరిచే ఉంది. మాకు మధ్యాహ్నమైతే వాళ్లకు రాత్రి.

"డాక్టర్, ఇటు రా" అంది. గొంతు మామూలుగానే ఉంది.

వెళ్లి చూశాను. మ్యాప్ మీద ఆమె ఇంటికి గుడిసె బొమ్మ గుర్తుగా పెట్టుకుంది, వచ్చిన మొదటిరోజే. ఆ గుడిసెకు ఉత్తరాన, ఎండిపోయిన వాగు అవతల, ఎర్రచుక్క ఉంది.

ఆ చుక్క ఏ సింహానిదో నాకు తెలుసు. రెండేళ్ల క్రితం దానికి కాలర్ కట్టింది నేనే. ముసలిది కాబోతున్న ఆడసింహం. కింది కోర ఒకటి విరిగింది. మత్తులో పడున్న దాని మెడ కింద చెయ్యి పెట్టి పట్టీ బిగిస్తుంటే, దాని ఊపిరి నా మోచేతికి వేడిగా తగిలింది. పట్టపగలు, చుట్టూ మనుషులు, అయినా బోల్టు రెండుసార్లు నా వేళ్లలోంచి జారిపోయింది. వయసు మీరి కోర విరిగిన సింహానికి జింకల్ని పట్టి చంపడం కష్టం. దానికి మేకలూ దూడలే సులువు.

"మెసేజ్ వెళ్లి ఉంటుంది. మీ తమ్ముడు ఈపాటికి చూసే ఉంటాడు" అన్నాను.

ఆమె తమ్ముడు ఆ ఊరి కాపలాదారుల్లో ఒకడు. ఆమె ఫోన్ తీసి కలిపింది. కలవలేదు. మళ్లీ కలిపింది. ఇంకో కాపలాదారుకి చేసింది, అంగడి దగ్గర టీకొట్టు ఆయనకి చేసింది. ఏ ఒక్కటీ మోగలేదు.

"టవర్ పోయింది. దానికి డీజిల్ అయిపోతే ఇలాగే పోతుంది. ఒక్కోసారి రెండురోజులు రాదు" అంది.

నేను లాప్‌టాప్ నావైపు తిప్పుకుని చూశాను. మెసేజ్ మా దగ్గర్నుంచి బయల్దేరింది. ఎవరికీ అందలేదు. సింహం మెడలో ఉన్నది ఉపగ్రహంతో మాట్లాడుతోంది కాబట్టి దానికి టవర్ అక్కర్లేదు. గుడిసెలో ఉన్న మనుషులకు కావాలి. భూమికి ఇవతల, మంచు పడుతున్న ఊళ్లో, వంటింట్లో కూర్చున్న మా ఇద్దరికీ అది ఎక్కడుందో తెలుసు. అది ఎవరి గుమ్మం ముందుకు వస్తోందో వాళ్లకు తెలియదు.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగాను.

"మా అమ్మ, నా కూతురు. మా ఇంటి మగవాళ్లంతా పెద్ద మందతో దూరం వెళ్లారు, గడ్డి కోసం. ఇంటి దగ్గర పాలమేకలు, నాలుగు ఆవులు, ఇంకా ఈనని పడ్డ ఒకటి." ఆగి, మళ్లీ అంది. "నా కూతురికి పదిహేడేళ్లు. మేకలు అరిస్తే లోపల కూర్చోదు. బయటికొస్తుంది. నేనే అలా పెంచాను."

పప్పు మాడుతున్న వాసన వస్తే వెళ్లి స్టవ్ ఆపేశాను. తిరిగొచ్చేసరికి ఆమె జాకెట్ వేసుకుని నిలబడి ఉంది, ఎక్కడికో బయల్దేరినట్టు. వెళ్లేది ఎక్కడికీ లేదని తనకే తట్టి మళ్లీ కూర్చుంది.

చుక్క గంటకోసారి మారుతుంది. ఆ మధ్యలో అది ఎటు కదిలిందో తెలియదు. నేను మా ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. నైరోబీలో ఉన్న మా సహోద్యోగికి చేశాను. నిద్రలోంచి లేచి ఆయన ఒక దారి చెప్పాడు. వాళ్ల ఊరికి నది అవతల టూరిస్టుల క్యాంప్ ఒకటుంది, అక్కడి మేనేజర్ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుంది, కాపలాదారులతో మాట్లాడటానికి రేడియో కూడా ఉంటుంది అన్నాడు. నంబర్ కోసం ఆయన వెతుకుతుంటే ఇవతల మేమిద్దరం స్పీకర్‌ఫోన్ ముందు తలలు వంచుకుని నిలబడ్డాం. నా చెయ్యి ఆమె చేతిలో ఉందని అప్పుడు చూసుకున్నాను. పూసల గాజు నా మణికట్టుకి గుచ్చుకుంటోంది.

మేనేజర్ దొరికాడు. నేను గబగబా చెబుతుంటే ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని వాళ్ల భాషలో మాట్లాడింది. పెట్టేశాక నాకు చెప్పింది. నిన్న పైన ఎక్కడో వాన పడి నది పారుతోందట. జీపు దాటడానికి పైనున్న రేవు దాకా చుట్టూ తిరిగి రావాలట. బయల్దేరతానన్నాడు కానీ చాలా సేపు పడుతుంది. ఈలోపు రేడియోలో ఆమె తమ్ముణ్ణి పిలుస్తానన్నాడు.

కొంతసేపటికి మేనేజర్ నుంచే ఫోన్ వచ్చింది. తమ్ముడు రేడియోలో దొరికాడు. కానీ అతను ఇంటి దగ్గర లేడు. కొండ కింద ఇంకో గుడిసెల గుంపు దగ్గర ఉన్నాడు. కబురు వినగానే టార్చి పట్టుకుని నడుచుకుంటూ బయల్దేరాడట.

"నడిచా?" అన్నాను.

"ఇంకెలా వెళ్తాడు?"

"దారి ఎటునుంచి?"

ఆమె వేలితో మ్యాప్ మీద చూపించింది. వాగు వెంబడే. ఎర్రచుక్క ఆఖరిసారి కనిపించిన చోటికి పక్కనుంచే.

అంతవరకూ మాకున్న భయం ఒకటే. మేం చేసిన ఫోన్‌తో ఇప్పుడు ఆమె తమ్ముడు కూడా ఆ సింహం దారిలోకి వెళ్లాడు. వెనక్కి పొమ్మని చెప్పమందామా అని అడిగాను. ఆమె బల్ల అంచు పట్టుకుని స్క్రీన్‌నే చూస్తోంది. గొంతులో ఏదో సన్నగా మూలుగుతోంది, ఏదైనా ప్రార్థనేమో. నేను సింక్ దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. కిటికీ అవతల పక్కింటాయన స్నో బ్లోయర్‌తో ఇంటిముందు మంచు తీసుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

చుక్క మారింది. గుడిసె బొమ్మ మీదికి వచ్చింది.

పక్కకు కాదు, సరిగ్గా దానిమీదికే. నేను జూమ్ చేశాను. ఎంత జూమ్ చేసినా ఒకటే, రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఆమె లేచి గోడవైపు తిరిగి నిలబడింది. "చూడను. నువ్వు చూసి చెప్పు" అంది. చెప్పడానికేముంది? మళ్లీ గంటదాకా అది కదలదు. మా పాప టేబుల్ కింద నోటిమీద వేలు పెట్టుకుని కూర్చున్న తీరు నా కళ్లముందు ఆడింది. ఆ పిల్ల కూడా అలా చప్పుడు చెయ్యకుండా గుడిసెలోనే ఉంటే బావుండునని కోరుకున్నాను. అంతకంటే కోరుకోవడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆ గంట ఎలా గడిచిందో నాకు సరిగా జ్ఞాపకం లేదు. ఒకసారి ఆమె తన కూతురి గురించి చెప్పింది. చిన్నప్పుడు మేకపిల్లలతో కలిసి నిద్రపోయేదట, వెతికి వెతికి చివరికి మేకల మధ్య దొరికేదట.

చీకటి పడే వేళకు ఫోన్ మోగింది. మేనేజర్ జీపు చేరింది. ఆయన శాటిలైట్ ఫోన్‌ను ఎవరికో ఇచ్చాడు. ఆమె విన్నది. ఒక్కమాటే అడిగింది. మళ్లీ విన్నది. తర్వాత వంటింటి నేలమీద కూర్చుండిపోయి, నావైపు తల ఊపింది. బతికే ఉన్నారు.

సింహం కంచె దూకి పడ్డను చంపింది. మేకలు కంచె విరగ్గొట్టుకుని పారిపోయాయి. కూతురు బయటికి రాబోతే అమ్మమ్మ ఆ పిల్ల జుట్టు పట్టుకుని లోపలికి లాగి, తలుపుకి అడ్డంగా కూర్చుందట. తమ్ముడు టార్చి ఊపుతూ అరుస్తూ వచ్చేసరికి అది పడ్డను వదలకుండా వాగు దాకా ఈడ్చుకుపోయింది. అతనికి చెట్టుకొమ్మ గీరుకున్న దెబ్బ తప్ప ఏం కాలేదు. ఆ పడ్డ ఆమె కూతురి పేరున పెంచుతున్నది.

నేను లాప్‌టాప్ పట్టుకుని ఆమె పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఇప్పుడు అందులో వేరే గొంతులు వినిపిస్తున్నాయి, మగగొంతులు, ఒకరిమీద ఒకరు. ఆమె మొహం మారింది.

ఫోన్‌ను గుండెకు ఆనించి నాతో అంది. "చుట్టుపక్కల మగవాళ్లు వచ్చారు. బల్లేలు తెచ్చారు. తెల్లారకముందే వెళ్తారట. అదెక్కడుందో చెప్పమంటున్నారు."

మ్యాప్ మా ఇద్దరి మధ్య తెరిచి ఉంది. చుక్క అప్పుడే మళ్లీ మారింది. వాగులో, ఆమె ఇంటికి దగ్గర్లోనే, ఒక మలుపు దగ్గర ఉంది. కడుపునిండా తిన్న సింహం పొద్దున దాకా కదలదు. చోటు తెలిస్తే వాళ్లు దాన్ని పడుకున్నచోటే చంపేస్తారు. సింహం వస్తోందని హెచ్చరించాలి కానీ, చంపడానికి బయల్దేరేవాళ్లకు అది ఉన్న చోటు కాపలాదారులు కూడా చెప్పకూడదని వాళ్ల సంఘమే రాసుకున్న నియమం. ఆ సంఘంలో ఆమె ఒక పెద్ద. కానీ చచ్చింది ఆమె పడ్డ, తలుపు వెనక కూర్చున్నది ఆమె కూతురు.

నా చెయ్యి లాప్‌టాప్ మూతమీదికి వెళ్లింది. వెళ్లిన సంగతి నాకు తెలియదు. ఆమె చూసింది.

"చెయ్యి తియ్యి డాక్టర్" అంది.

తీశాను. అప్పుడు పట్టుకున్న భయం ముందటి భయాల్లాంటిది కాదు. ఆమె ఏం చెబుతుందోనని ఒక భయం. చెప్పడానికి ఆమెకు హక్కు లేదని నేను అనగలనా అని ఇంకో భయం.

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని స్క్రీన్ వైపు సూటిగా చూస్తూ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. అవతల గొంతులు లేచాయి. ఆమె గొంతు అంతకంటే లేచింది. ఒకసారి తమ్ముణ్ణి తిట్టిందని భాష రాకపోయినా తెలిసింది. చివరికి అవతల ముసలిగొంతు ఒకటి మాట్లాడింది, ఆమె తగ్గి బదులిచ్చింది, పెట్టేసింది.

"ఏం చెప్పావు?"

"పోయింది నా పశువు, నేను వచ్చి కూర్చునేదాకా ఎవరూ బల్లెం ఎత్తొద్దన్నాను. పెద్దాయన సరేనన్నాడు."

"అదెక్కడుందని అడగలేదా?"

"అడిగారు. ఇక్కడ నెట్ పోయింది, నాకేం కనిపించట్లేదన్నాను." బల్ల మీది టీకప్పు అందుకుని చూసుకుంది. అందులో టీ చల్లారి మీగడ కట్టింది. "నా తమ్ముడితో అబద్ధం చెప్పాను. రేపు అది ఎవరి పిల్లనైనా ముట్టుకుంటే ఏం చెయ్యను?"

కప్పు కింద పెట్టి మళ్లీ అంది. "నా కూతుర్ని గీరి ఉంటే చెప్పేసేదాన్నే. నువ్వు చెయ్యి పెట్టినా ఆగేదాన్ని కాదు. అది తెలుసుకో."

అప్పుడే గరాజ్ తలుపు చప్పుడైంది. పాప బెలూన్ పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చి, నేలమీద కూర్చున్న మమ్మల్ని చూసి ఆగిపోయింది. "అమ్మా, ఆంటీ ఎందుకు కింద కూర్చుంది? వాట్ హ్యాపెన్డ్?" మా ఆయన మాడిన పప్పు గిన్నె చూసి, మా మొహాలు చూసి, ఏమీ అడగకుండా జాకెట్ విప్పి అన్నం వండటం మొదలుపెట్టాడు.

సోమవారం ప్రసంగం ఆమె ఇవ్వలేదు. టికెట్ ముందుకు మార్పించాం. డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తుంటే దారంతా ఫోన్లో మ్యాప్ చూస్తూనే ఉంది. సింహం వాగు దిగి దక్షిణానికి పోయింది, ఇంకో ఊరి వైపు. అది ఎవరి ఇంటికి వెళ్తుందోనని ఆమెకు భయం. స్టీరింగ్ పట్టుకున్న నాకూ అదే భయం. టవర్ బాగయ్యేదాకా ప్రతి చుక్కా మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పాను. నా పనివేళలన్నీ ఆ గంటల చుట్టూనే తిరిగాయి. క్లాసులో ఉండగా, కాస్ట్‌కో స్టోర్ లైన్లో ఉండగా, పాప డెంటిస్ట్ దగ్గర కూర్చుని ఉండగా, మ్యాప్ తెరవడం, చుక్క వెతకడం.

అది ఎవర్నీ ముట్టుకోలేదు. వానలు పడ్డాక జింకలతో పాటు కొండలవైపు వెళ్లిపోయింది. ఆమె ఇంటికి చేరిన రోజే అందర్నీ కూర్చోబెట్టి అబద్ధం సంగతి చెప్పేసింది. తమ్ముడు కొన్ని నెలలు ఆమెతో మాట్లాడలేదు. సంఘంలో పదవి నుంచి దిగిపొమ్మని కొందరన్నారు. దిగుతాను, ముందు ఆడవాళ్లున్న ప్రతి గుడిసెల గుంపుకీ ఒక రేడియో ఇవ్వండి అని పట్టుబట్టింది. ఆ రేడియోల ఖర్చు కోసం మేం ఇక్కడ మా పనుల్లో ఒకదాన్ని పక్కన పెట్టాం. అవి వచ్చాక దిగిపొమ్మని ఎవరూ అనలేదు, ఆమె ఇప్పటికీ పదవిలోనే ఉంది.

కిందటి వేసవిలో ఆ సింహం కాలర్ గడువు తీరి దానంతటదే ఊడి పడిపోయింది. కాలర్లన్నీ అలా ఊడేలాగే చేస్తారు. మ్యాప్ మీద చుక్క ఒకేచోట ఆగిపోయినప్పుడు చచ్చిపోయిందేమోనని భయపడ్డాను. ఖాళీ పట్టీ దొరికిందని ఫొటో వచ్చాక, ఇప్పుడది ఎక్కడుందో ఎవరికీ తెలియదు కదా అని మళ్లీ భయపడ్డాను.

ఈమధ్య ఆమె కూతురు కూడా కాపలాదారుల్లో చేరింది, వాళ్ల ఊళ్లో మొదటి ఆడపిల్ల. మొన్న వీడియో కాల్‌లో తనే మాట్లాడింది. వేరే సింహం దగ్గరికొచ్చిందని కబురు వస్తే ముసురు చీకట్లో పక్క గుడిసెలకు తనే వెళ్లి చెప్పొచ్చిందట.

"భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"వేసింది. దారంతా గట్టిగా పాడుకుంటూ వెళ్లాను" అంది ఆ పిల్ల. వెనక నుంచి వాళ్లమ్మ ఏదో అరిచింది. ఏమంటోందని అడిగితే, ఇంకోసారి ఒంటరిగా వెళ్తే కాళ్లు విరగ్గొడతానంటోంది అని నవ్వుతూ చెప్పింది.